బుధవారం ఆవిడ

ఫిబ్రవరి 6

అక్కా,

ఫోన్‌లో అయితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, మధ్యలో అమ్మ వచ్చి ఏమైందని అడుగుతుంది, ఇద్దరం కలిసి ఏదో ఒక అబద్ధం అల్లాలి. అందుకే ఉత్తరం. కాగితం మూల నల్లగా ఉంటే కన్నీళ్ళని మురిసిపోకు, అది ఇంజన్ ఆయిల్.

నువ్వు మొన్న చెప్పింది మళ్ళీ చెబుతాను, తప్పయితే దిద్దు. రోజంతా మాడి మాడి, ఒక్కసారిగా కనపడిందల్లా తినేసి, వెళ్ళి కక్కేసే నీ జబ్బుకి ఫోన్‌లో ఒక కోర్సు దొరికింది. అందులో పాఠాలుంటాయి. ఏ పూట ఏం తిన్నావో, అప్పుడు నీ మనసెలా ఉందో రాయాలి. ప్రతి బుధవారం ఒకావిడ అదంతా చదివి జవాబు రాస్తుంది. ఆవిడ ముఖం నువ్వు చూడలేదు, గొంతు వినలేదు. అయినా, "ఆవిడకి అన్నీ చెబుతుంటే తేలిగ్గా ఉందే" అన్నావు.

ఆ ముక్క దగ్గరే నా కడుపు మండింది.

అన్నీ అంటే ఏమిటక్కా? నువ్వు పదో తరగతిలో ఉన్నప్పటినుంచీ ఈ సంగతి తెలిసిన ప్రాణి భూమ్మీద ఒక్కటే, అది నేను. బాత్రూమ్ తలుపు బయట నిలబడింది నేను. అమ్మ వస్తే "కొళాయి పాడైంది, బాగు చేస్తోంది" అన్నది నేను. నీ పళ్ళెంలో మిగిలింది అమ్మ చూడకముందే మింగేసింది నేను. చుట్టాలందరూ నన్ను తిండిపోతు అంటే నోరెత్తకుండా ఊరుకున్నది కూడా నేనే. ఇప్పుడు వారానికోసారి పలికే ఆవిడ అన్నీ తెలిసిన మనిషైపోయింది. దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు.

ఇవాళ మా మెకానిక్ షెడ్డులో ఒక బండి చక్రం విప్పుతుంటే మేస్త్రీ వచ్చి, "స్పానర్, ఎవరి మీద కోపం ఆ నట్టు మీద తీరుస్తున్నావు?" అన్నాడు. ఇక్కడ అందరికీ నేను స్పానరే, నీకు తెలుసుగా. "మా అక్క మీద" అన్నాను. "అయితే నిదానంగా, నట్టుకి అక్కాచెల్లెళ్ళ గొడవ తెలీదు" అన్నాడు.

ఆవిడకి నా గురించి ఏం చెప్పావు? ముందు అది రాయి.

స్పానర్


ఫిబ్రవరి 14

ఒసేయ్ కోపిష్టీ,

నీ ఉత్తరం దుకాణం వెనక గదిలో చదివాను. కళ్ళద్దాల అంచులు అరగదీసే యంత్రం మోగుతుంటే నీ మాటలు ఇంకా గట్టిగా వినిపించాయి.

ఆవిడ డాక్టరు కాదు. ఈ పని కోసం శిక్షణ తీసుకున్న మనిషి, గైడు అంటారు. డాక్టరు దగ్గరికి ముందే వెళ్ళాను. రక్తపరీక్షలూ గుండె పరీక్షా చేసి, ఒంటికి ఇప్పటికి ప్రమాదం లేదు, మాట్లాడి నయం చేసేవాళ్ళ దగ్గర పెద్ద వరస ఉంది, ఈలోగా ఇది మొదలుపెట్టండి అన్నారు. పనంతా నాదే. ఆవిడ నేను రాసింది చదివి ఒక ప్రశ్న వేస్తుంది, అంతే.

మొదటి వారం ఏమని అడిగిందో తెలుసా? "మధ్యాహ్నం భోజనం మానేసిన రోజే సాయంత్రం అదుపు తప్పినట్టుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందనిపిస్తోందా?" ఇన్నేళ్ళూ నాకు సిగ్గు లేదు, నిగ్రహం లేదు అనుకున్నానే. సాయంత్రం వచ్చే ఆ రాక్షసి ఆకలిని నేనే మధ్యాహ్నం కూర్చుని తయారుచేస్తున్నానని ఎవరూ అనలేదు. ఇప్పుడు వేళకి తినడమే నా పాఠం. ఆకలి వేసినా వేయకపోయినా, అలారం మోగితే తినాలి. వినడానికి చిన్నపిల్లల పని. చేసి చూస్తే కొండ తవ్వినట్టుంది.

నీ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. భయపడకు.

ఒక సాయం చెయ్యి. ఫోన్ ఎత్తగానే "తిన్నావా" అనకు. ఆ మాట చెవిన పడగానే నా నోరు దానంతటదే అబద్ధానికి సిద్ధమైపోతుంది. ఇంకేదైనా అడుగు.

వేళ్ళు జాగ్రత్త. పోయినసారి చైనులో పెట్టుకున్నావు.

అక్క


ఫిబ్రవరి 22

అక్కా,

ఒక్క ముక్క కూడా చెప్పలేదా. బాగుంది. ఆవిడకి నీ మధ్యాహ్నాలు తెలుసు, సాయంత్రాలు తెలుసు, నువ్వు ఏడ్చిన వేళలు తెలుసు. వాటిలో ఎక్కడా నేను లేనన్నమాట. సినిమా అంతా తీసి, కెమెరా పట్టుకున్నవాడి పేరు వేయనట్టుంది.

భయపడకు అని ఎందుకన్నావో కూడా అర్థమైంది. చెప్పుకునేంత గొప్పదేం కాదులే అని.

"తిన్నావా" అనకూడదట. మరి ఏమని మొదలుపెట్టాలి? చక్రాల్లో గాలి ఉందా అని అడగనా? ఊళ్ళో జనమంతా ఆ మాటతోనే పలకరించుకుంటారు. నీ బుధవారం ఆవిడ వచ్చి దాన్ని కొట్టేసింది.

అమ్మ నిన్న కూడా, "పెద్దదాని గ్యాస్ జబ్బు ఎలా ఉందట" అని అడిగింది. తగ్గుతోందని చెప్పాను. నీ కోసం ఆడే అబద్ధాలు నాకు ఇంకా ఉద్యోగంలా నడుస్తున్నాయి. జీతం మాత్రం ఆవిడకి ముడుతోంది. పొరుగింటి పుల్లకూర రుచి ఎలా ఉంటుందో నేనే చూస్తాను.

చెల్లెలు (పేరు చెప్పుకునేంత మనిషిని కాదు)


మార్చి 8

చెల్లీ,

నువ్వు పెట్టిన పేరే నా నోట్లోనూ పడిపోయింది. బుధవారం ఆవిడ.

ఈ నెల రోజుల్లో కాస్త నిలదొక్కుకున్నాను. దుకాణంలో అందరితో కూర్చుని మధ్యాహ్నం తింటున్నాను. మొదటి రోజు చెమటలు పట్టాయి. కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దాయన, "ఏమ్మా, ఇన్నాళ్ళూ గాలి పీల్చి బతికావా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకో ముద్ద తిన్నాను.

ఒక సాయంత్రం తప్పింది కూడా. దాచకుండా ఆవిడకి రాసేశాను. "జారడం వేరు, కిందికి పోయి అక్కడే కూర్చోవడం వేరు. తర్వాతి పూట వేళకి తినండి" అని రాసింది. తర్వాతి పూట తిన్నాను. ఎప్పుడూ అలా చేయలేదు. తప్పితే మూడు రోజులు కడుపు మాడ్చుకోవడమే నాకు తెలిసిన శిక్ష.

ఈ వారం పాఠంలో ఒక పని ఇచ్చారు. దగ్గరివాళ్ళలో ఒకరిని ఎంచుకుని జబ్బు సంగతి చెప్పి, పక్కన ఉండమని అడగాలి. ఎవరినన్నది నాకింకా తేలలేదు. బాగా ఆలోచించాలి.

అలారం మోగుతోంది, ఉంటాను.

అక్క


మార్చి 17

అక్కా,

ఆలోచించాలా? ఎవరినన్నది ఆలోచించాలా? సరే, తీరిగ్గా ఆలోచించు. ఈలోగా నా కబురు విను.

నేనూ చేరాను. నీ కోర్సులోనే. పోయిన నెల నీకు ఉత్తరం రాసి పోస్టులో వేసి, ఆ కోపంలోనే ఫోన్ తీశాను. ముందు బోలెడు ప్రశ్నలు అడిగారు. నువ్వు ఏం చెప్పి ఉంటావో అవే కొట్టాను. నీ జవాబులు నాకు కంఠతా వచ్చుగా. వెంటనే చేర్చుకున్నారు. బుధవారం జవాబు వచ్చింది. కింద పేరు చూస్తే, నువ్వు ఫోన్‌లో చెప్పిన పేరే. వాళ్ళ దగ్గర ఉన్నదే కొద్దిమంది గైడులట.

కాబట్టి ఆవిడ ఇప్పుడు నాకూ బుధవారం ఆవిడే. సగం నీది, సగం నాది.

నేనేం రాశానంటావా? నీ పాత రోజులే. నువ్వు పరీక్షల ముందు చేసినవి, మామయ్య పెళ్ళిలో చేసినవి, అన్నీ ఈ వారం నాకు జరిగినట్టు రాశాను. నీకు వేసిన ప్రశ్నే నాకూ వేసింది, మధ్యాహ్నానికీ సాయంత్రానికీ సంబంధం ఉందా అని. నవ్వొచ్చింది. ఇదేనా నీ దేవత, అందరికీ ఒకటే తాళంచెవి తిప్పుతోంది అనుకున్నాను.

తర్వాతి వారం మాత్రం వేరే అడిగింది. "మీరు రాసిన వేళలు చూస్తే రాత్రుళ్ళు సరిగా పడుకుంటున్నట్టు లేదు. నిద్ర పడుతోందా?" అని. అబద్ధం తట్టలేదు. చిన్నప్పటినుంచీ ఒక చెవి తెరుచుకునే పడుకుంటానని రాసేశాను. రాసి, చాలాసేపు ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను. నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆవిడ మంచిదేనే అక్కా. అదే ఇంకా మంట.

స్పానర్


మార్చి 23

చెల్లెలికి,

చదివిన రోజే బుధవారం ఆవిడకి జరిగింది రాసేశాను. దాస్తే నేను మళ్ళీ పాత మనిషినే.

ఇకమీదట ఆవిడ నాకు గైడు కాదు. ఒకే ఇంటి సంగతి ఇద్దరు మనుషుల నోట విన్నాక ఆవిడ ఉండకూడదట, అది వాళ్ళ నియమం. వచ్చే వారం నుంచి వేరే ఎవరో. ఆవిడ నాకు చివరిగా నాలుగు మాటలు రాసింది. అవి నీకు చెప్పను.

ఆ కోర్సులో చోట్లు తక్కువ. నువ్వు కూర్చున్న కుర్చీ కోసం ఎవరు వరసలో నిలబడి ఉన్నారో ఒక్కసారైనా అనుకున్నావా?

అక్కడ నేను ఎవరికీ అక్కని కాదు, ఎవరికీ కూతుర్ని కాదు. నువ్వు పుట్టినప్పటినుంచీ నీతో అన్నీ పంచుకున్నాను. మంచం, దువ్వెన, ఆటలమ్మ. ఈ ఒక్కటి పంచుకోలేదని దాన్నీ లాక్కున్నావు. నా రోజుల్ని నీవని రాసుకున్నావు. అవి నేను బతికిన రోజులే. అంత ముచ్చటగా ఉంటే చెప్పాల్సింది, మొత్తం నీకే ఇచ్చేసేదాన్ని.

కొన్నాళ్ళు నాకు రాయకు.


ఏప్రిల్ 3

అక్కా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. ఇష్టం లేకపోతే చింపెయ్యి.

క్షమించమని రాసి కొట్టేశాను, మళ్ళీ రాసి కొట్టేశాను. ఆ మాట మర అరిగిన బోల్టులా తిరుగుతోంది తప్ప పట్టడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆవిడ నాకూ చివరి జవాబు రాసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరు రాసిన రోజులు మీవి కావని తెలిసింది. ఈ చోటు ఖాళీ చేయించక తప్పదు. నిద్ర గురించి రాసింది మాత్రం మీదే అనుకుంటున్నాను" అంది. ఇలాంటి జబ్బున్నవాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు మాట్లాడుకునే చోటొకటి ఉందని ఒక నంబరిచ్చింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అనుకుని ఫోన్ మూసేశాను.

నాకు కుళ్ళు అక్కా. ఇంతకంటే మంచి మాట నాకు రాదు. ఇన్నాళ్ళూ ఆవిడ మీదే అనుకున్నాను. అది సగమే. మిగతా సగం నీ మీద. నువ్వు లోపల ఉంటావు, తలుపు వేసి ఉంటుంది, నేను బయట ఉంటాను. లోపలున్న మనిషికి ఒక జబ్బుంది, దానికో పేరుంది, కోర్సుంది, బుధవారముంది. బయట నిలబడ్డ మనిషికి ఏముంది? కాళ్ళ నొప్పులు. నాకేం రోగం అని నన్ను నేనే తిట్టుకుంటాను. నాకే రోగం లేదు, అదే నా రోగం.

నిన్న ఒక బండికి చైను మార్చి, బ్రేకు తీగ కలపడం మర్చిపోయి ఇచ్చేశాను. మేస్త్రీ చూసి వీధి చివరిదాకా పరిగెత్తి ఆపాడు. ఆయాసంతో తిరిగొచ్చి, "ఇంటికి పోయి రేపు రా" అన్నాడు. ఈ మధ్య నన్ను ఎవరూ తిట్టడం లేదు. భయంగా ఉంది.

కొత్త గైడు ఎలా ఉన్నారు? వాళ్ళతో నీకు కుదరక, నువ్వు మళ్ళీ మొదటికొస్తే అది నా చేతి పని. నన్ను తిట్టడానికైనా సరే, ఒక్క వాక్యం రాయి.

చెల్లెలు


ఏప్రిల్ 19

అక్కా,

నువ్వు రాయలేదు సరే. ఇవాళ పొద్దున్నే అమ్మ సంచి సర్దుకుని, "పెద్దదాని దగ్గరికి వెళ్తున్నా" అంది. ఎందుకంటే చెప్పదు. గుమ్మం దగ్గర ఆగి నా తల నిమిరింది. మన అమ్మ తల నిమిరిందంటే ఎవరో పోయి ఉండాలి.

నా మీద చాడీలు చెప్పి పిలిపించుకున్నావు కదూ. చెప్పుకో. ముందు ఆవిడ, ఇప్పుడు అమ్మ. అందరినీ ఒక్కొక్కరిగా నీ వైపు లాక్కో. ఇక్కడ నేనూ నాలుగు గోడలూ మిగిలాం, హాయిగా ఉన్నాం. గోడలు నాతో చక్కగా మాట్లాడుతున్నాయి, నీకంటే నయం.

అమ్మ చత్వారం అద్దాలు ఇక్కడే మర్చిపోయింది. నీ దుకాణంలో ఎలాగూ దొరుకుతాయిలే.


ఏప్రిల్ 28

పిచ్చిమొద్దూ,

చాడీలు చెప్పలేదే. మొత్తం చెబుతాను, చివరిదాకా చదివి అప్పుడు అరుద్దువుగాని.

కొత్త గైడు ఒకాయన. రెండు ముక్కలు తప్ప రాయడు. మొదటి వారం నేను చేటభారతం రాస్తే, "మంచిది. మధ్యాహ్నం మళ్ళీ మానేశారు. ఏమైంది?" అని జవాబు. ఒళ్ళు మండి ఫోన్ దిండు కింద తోసేశాను. తర్వాత కొన్నాళ్ళు మళ్ళీ అదే నరకం. కోర్సు మానేద్దామనుకున్నాను. రోజూ నిన్ను తిట్టుకున్నాను. నీకు చెబితే గర్వపడతావేమోగానీ, నీ మీద కోపం కూడా ఒక తోడులా ఉండేది.

ఒక మధ్యాహ్నం దుకాణంలో అలారం మోగింది. ఆవిడ లేదు. ఆయన బుధవారం దాకా పలకడు. నువ్వు లేవు. ఎవరూ చూడటం లేదు. వెనక గదిలో స్టూలు మీద కూర్చుని డబ్బా తెరిచి తినేశాను. అప్పుడు తెలిసింది. ఆవిడ నా పక్కన నడిచిన మాట నిజమే, కాళ్ళు మాత్రం మొదటినుంచీ నావే. ఆ వారం ఆయనకి రాస్తే, "అదీ సంగతి" అని రాశాడు. ఆయన లెక్కలో అది పెద్ద కావ్యం.

ఇక పాఠంలో ఎంచుకోమన్న ఆ ఒక్క మనిషి సంగతి. అమ్మని ఎంచుకున్నాను. అమ్మకి అంతా చెప్పేశాను. "నేనేం వండాలి?" అంది. "ఏం వండినా పరవాలేదు, నా పక్కన కూర్చో, నా పళ్ళెం వైపు చూడకు" అన్నాను. మర్నాడు సంచితో దిగింది. నీకు నేనే చెబుతానని ఒట్టు వేయించుకున్నాను, ఆ ఒక్క పూట నోరు కట్టుకోవడానికే చచ్చేంత పనైందట. గ్యాస్ జబ్బుకని ఇన్నేళ్ళూ మొక్కిన మొక్కులన్నీ వేరే జబ్బుకి పోయాయని దేవుడి మీద కాస్త కోపంగా ఉంది.

నిన్ను ఎందుకు ఎంచుకోలేదో చెబుతాను, కోపం తెచ్చుకున్నా సరే. దాచడంలో నువ్వు నన్ను మించిపోయావు. నేను తల తిప్పేలోగా నా పళ్ళెం ఖాళీ చేస్తావు. నేను నోరు తెరిచేలోగా అబద్ధం అందిస్తావు. నీ పక్కనుంటే నాకు హాయిగా ఉండదు, నా జబ్బుకి హాయిగా ఉంటుంది. నాకు దాచడం చేతకాని మనిషి కావాలి. అమ్మకి కడుపులో మాట నిలవదని మనిద్దరం ఎన్నిసార్లు తిట్టుకున్నాం. అందుకే అమ్మ.

బుధవారం ఆవిడకి మొదట్లో నీ గురించి చెప్పనిది కూడా ఎందుకనుకున్నావు? ఆ తలుపూ, ఆ కొళాయి అబద్ధాలూ రాస్తే నిన్ను తప్పుపడతారేమోనని. నిన్ను ఒకరు ఒక మాటంటే నేను ఓర్చుకోలేను. నేను అనొచ్చు. అది వేరే.

నువ్వు చేసినదానికి కోపం పూర్తిగా పోలేదు. అది ఉండగానే పిలుస్తున్నాను. వచ్చే నెల రెండో ఆదివారం రా. కాపలాకి కాదు, ఆకలితో రా.

అక్క


మే 12

అక్కా,

బస్సు దిగి నేరుగా షెడ్డుకే వచ్చాను. మేస్త్రీ టీకి వెళ్ళాడు. పాత టైరు మీద కూర్చుని రాస్తున్నాను.

నిన్న అక్కడ నోరెత్తలేదు కాబట్టి ఇప్పుడంటాను. భోజనం సగంలో నువ్వు ఆగిపోయి, "ఇవాళ కష్టంగా ఉంది" అన్నావు. అమ్మతో. ఉక్కగా ఉంది అన్నంత మామూలుగా. అమ్మ, "సరే, కాసేపు కూర్చుందాం" అని పక్కింటి కుక్క కథ ఎత్తుకుంది. నా చెయ్యి అప్పటికే నీ పళ్ళెం దాకా వచ్చేసింది. నేను చాపలేదు, అదే వచ్చింది. అమ్మ కుక్క కథ ఆపకుండానే ఆ చేతికి నీళ్ళ జగ్గు అందించి, "అందరికీ పొయ్యి" అంది. నిండిన గ్లాసుల్లోనే మళ్ళీ పోశాను.

కష్టంగా ఉందన్న ఆ మాట ఇన్నేళ్ళలో నువ్వు నాతో ఒక్కసారీ అనలేదు. నేనే అననివ్వలేదు, నిజమే, ఒప్పుకుంటాను. అయినా కుళ్ళొచ్చింది. నిన్నగాక మొన్న చేరిన అమ్మని పర్మనెంటు చేసి, ఇన్నేళ్ళ సర్వీసున్న నన్ను ఇంటికి పంపారు. అమ్మకి ఆ పని అంత బాగా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అదీ ఒక కుళ్ళే.

నువ్వు మళ్ళీ తినడం మొదలుపెట్టినప్పుడు నేను చూడలేదు. గోడ మీది క్యాలెండరు అంతా చదివాను, అచ్చు వేసిన ప్రెస్సు పేరుతో సహా. నీ చెంచా చప్పుడు మాత్రం వినిపించింది. చెవులు మూసుకోమని నువ్వు చెప్పలేదుగా.

ఇంకొకటి. ఆవిడ ఇచ్చిన ఆ నంబరుకి ఇవాళ పొద్దున బస్టాండులో నిలబడి ఫోన్ చేశాను. ఎవరో పెద్దావిడ ఎత్తింది. వాళ్ళ అబ్బాయికి ఇలాంటిదే ఉండేదట. "మీ అక్క సంగతి తర్వాత, ముందు నీ సంగతి చెప్పమ్మా" అంది. నా సంగతంటే ఏముంటుంది అన్నాను. బస్సు వచ్చింది, పోనిచ్చాను. ఇంకో బస్సు వచ్చింది, అదీ పోయింది.

ఏం చెప్పానో నీకు చెప్పను. ఎంత బతిమాలినా చెప్పను. ఈసారి నువ్వు కాస్త కుళ్ళుకో.

నీ చెల్లెలు